రుజువు చేయవలసింది ఎవరు?

గాజువాకలో కొడుకు దగ్గర ఉంటున్న ఒక పెద్దాయన పోయిన వేసవిలో మా ఆఫీసుకు వచ్చి, మడతలు పడిన ప్లాస్టిక్ కవరులోంచి ఒక జిరాక్సు కాగితం తీసి నా బల్ల మీద పరిచారు. అది నెల్లూరు జిల్లాలోని వారి ఊరి రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో, అంటే ఊరి భూములను, వాటి హక్కుదారులను రాసిపెట్టిన పాత ప్రభుత్వ పుస్తకంలో, ఒక పేజీ. సర్వే నంబరు, భూమి స్వభావం, విస్తీర్ణం, శిస్తు అన్నీ వరుసగా చక్కటి చేతిరాతతో ఉన్నాయి. పట్టాదారు పేరు ఉండవలసిన గడిలో మాత్రం వరుసగా చుక్కలు పెట్టి ఉన్నాయి. జిరాక్సు మీద జిరాక్సు తీస్తూ రావడంతో ఆ చుక్కలు ఉబ్బి, ఒకదానికొకటి అంటుకుని, దూరం నుంచి చూస్తే ఏదో పేరును సిరాతో కొట్టివేసినట్లు కనిపిస్తున్నాయి. ఆయన ఆ గడి మీద వేలు పెట్టి, "ఏందమ్మా ఇది, చుక్కలు పెట్టింది వాళ్లు. దానికి రుజువు నేను తేవాలంటారేంది?" అని అడిగారు.

భూమి తనదని చెప్పేవారే రుజువు తేవాలని ఆ ప్రశ్నకు ఆ రోజు నేను చెప్పిన జవాబు చట్టం ప్రకారం సరైనదే. ఆయనకు మాత్రం అది జవాబుగా అనిపించలేదు. ఇంటికి వెళ్లాక ఆలోచిస్తే, నాకూ అనిపించలేదు.

నేను న్యాయశాస్త్రం చదివాను కానీ కోర్టులో వాదించను. ప్రభుత్వానికి, పౌరుడికి మధ్య ఉండే సంబంధాన్ని నిర్ణయించే చట్టాలను, అంటే భూమి రికార్డులు, ఏజెన్సీ ప్రాంతాల రక్షణ, పర్యావరణం, స్థానిక సంస్థలు వంటి వాటికి సంబంధించిన చట్టాలను చదివి, వాటిలో ఏది పనిచేస్తోంది, ఏది చేయడం లేదు, ఎక్కడ మార్చాలి అని పరిశీలించి నోట్లు తయారు చేయడం నా పని. ఆ నోట్లు ఒక్కోసారి శాఖల కార్యదర్శులకు, ఒక్కోసారి శాసనసభ్యులకు, ఒక్కోసారి లా కమిషన్ అభిప్రాయాలు కోరినప్పుడు ఆ కమిషన్‌కు వెళ్తాయి. బిల్లు రాగానే పాత చట్టాన్ని ఎడమ వైపు, కొత్త పాఠాన్ని కుడి వైపు పెట్టుకుని సెక్షన్ తర్వాత సెక్షన్ పోల్చుకుంటూ పోవడమే రోజులో ఎక్కువ భాగం. పని మొదలుపెట్టిన కొత్తలో ముందు చట్టం పీఠికను, ఆ తర్వాత శిక్షల అధ్యాయాన్ని చదివేదాన్ని. ఇప్పుడు ఏ చట్టం చేతికి వచ్చినా ముందు వెతికేది ఒక్కటే: వివాదం వచ్చినప్పుడు రుజువు చేయవలసింది ఎవరని ఇందులో రాశారు?

సాధారణ సూత్రం అందరికీ తెలిసినదే. ఏదైనా ఒక విషయం ఉందని వాదించేవారే దాన్ని రుజువు చేయాలి. 1872 నాటి సాక్ష్య చట్టంలో 101వ సెక్షన్‌గా ఉన్న ఈ మాట, 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 104వ సెక్షన్ అయింది. దానికి దగ్గరలోనే, పాత చట్టంలో 110, కొత్త దానిలో 113వ సెక్షన్‌గా, మరో సూత్రం ఉంది: ఒక వస్తువు ఎవరి స్వాధీనంలో ఉందో వారే యజమాని అనుకోవాలి, కాదనేవారు కాదని నిరూపించాలి. వినడానికి ఎంతో న్యాయంగా ఉండే ఈ సూత్రాన్ని విశాఖ మన్యంలోకి తీసుకువెళ్లి చూస్తే దాని అసలు రూపం బయటపడుతుంది. అప్పు కింద పొలం షావుకారు చేతికి పోయిన చోట, కాగితాలన్నీ షావుకారు పెట్టెలో ఉన్న చోట, గిరిజనుడి దగ్గర తన తాత ఆ చెట్టు కింద సాగు చేశాడన్న మాట తప్ప మరేమీ లేని చోట, స్వాధీనంలో ఉన్నవాడే యజమాని అని చట్టం మొదలుపెడితే ఆ కేసు మొదలైన రోజునే ముగిసినట్లు.

ఏజెన్సీ ప్రాంతాల్లో భూమి చేతులు మారడాన్ని కట్టడి చేయాలని మద్రాసు ప్రభుత్వం 1917లోనే చట్టం తెచ్చింది. రాష్ట్రం ఏర్పడిన తర్వాత 1959లో 1వ రెగ్యులేషన్ వచ్చింది. అయినా బదిలీలు ఆగలేదు. 1970లో దాన్ని సవరిస్తూ తెచ్చిన 1వ రెగ్యులేషన్‌నే మన ఉత్తరాంధ్రలో చదువు రానివారు కూడా "వన్ ఆఫ్ సెవెంటీ" (1/70) అని పిలుస్తారు. చాలామంది దీన్ని గిరిజనేతరులకు భూమి అమ్మకూడదనే చట్టంగా మాత్రమే గుర్తుపెట్టుకుంటారు. నా దృష్టిలో దాని ప్రాణం 3వ సెక్షన్ ఒకటవ సబ్‌సెక్షన్‌లోని రెండవ క్లాజులో ఉంది. ఏజెన్సీ ప్రాంతంలో గిరిజనేతరుని స్వాధీనంలో ఉన్న ఏ స్థిరాస్తి అయినా, కాదని రుజువయ్యేవరకు, అది గిరిజనుడి నుంచే అతనికిగానీ అతని ముందువారికిగానీ వచ్చినదని భావించవలెను అని ఆ క్లాజు చెబుతుంది. సాక్ష్య చట్టం స్వాధీనంలో ఉన్నవాడి పక్షాన నిలబడితే, ఈ ఒక్క వాక్యం ఆ తక్కెడను పూర్తిగా అటు నుంచి ఇటు తిప్పింది. కాగితాలు ఎవరి పెట్టెలో ఉన్నాయో వారినే ఆ పెట్టె తెరవమంది. ఇది అన్యాయమని సవాలు చేసిన వారి వాదన సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. 1988లో పి.రామిరెడ్డి కేసులో కోర్టు ఆ రెగ్యులేషన్ చెల్లుతుందని తేల్చింది.

ఈ క్లాజు విషయంలో నేను చేసిన ఒక తప్పును ఇక్కడ చెప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం అనంతగిరి మండలంలోని ఒక గ్రామంలో జరగబోయే సమావేశానికి 1/70 ముఖ్యాంశాలను తెలుగులో ఒకే కాగితం మీదకు కుదించి 200 ప్రతులు తీయించాను. సరళంగా ఉండాలన్న ఆత్రంలో, అర్ధరాత్రి వేళ, ఆ క్లాజును "గిరిజనుడి నుంచి వచ్చినదని భావించవచ్చు" అని రాశాను. మర్నాడు సమావేశంలో కాగితాలు పంచుతుండగా, అరకులోయలో డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి దాన్ని రెండుసార్లు చదివి, "అక్కా, భావించవచ్చు అంటే భావించకపోవచ్చు కూడానా?" అని అడిగింది.

నా నోట మాట రాలేదు. సాక్ష్య చట్టంలో ఈ తేడాకు ప్రత్యేకంగా నిర్వచనాలు ఉన్నాయి. "భావించవచ్చు" అంటే న్యాయాధికారి ఆ విషయాన్ని నిజమని అనుకోవచ్చు, లేదా ముందు రుజువు తెమ్మని అడగవచ్చు. "భావించవలెను" అంటే తప్పని రుజువయ్యేదాకా నిజమనే అనుకుని తీరాలి. ఆ పైన "నిశ్చయాత్మక రుజువు" అన్న మూడో మెట్టు ఉంది. అక్కడికి చేరితే తప్పని చూపడానికి సాక్ష్యం ఇవ్వనివ్వరు కూడా. 1/70లో ఉన్నది రెండోది. నేను రాసింది మొదటిది. ఒక్క క్రియాపదం ముగింపు మార్చి, ఆ ఊరి వాళ్లకు చట్టం ఇచ్చిన రక్షణను నా చేతితో నేనే అధికారి ఇష్టానికి వదిలేశాను. పంచిన కాగితాలన్నీ వెనక్కి తీసుకుని, ఆ వాక్యాన్ని పెన్నుతో ఒక్కొక్క దాని మీద దిద్ది మళ్లీ ఇచ్చాం. ఆ అమ్మాయి పక్కన కూర్చుని సగం దిద్దింది. ఆ తర్వాత నేను రాసిన ఏ తెలుగు నోటునైనా, అది ఎవరి కోసం రాశానో వారిలో కనీసం ఒకరు చదవకుండా అచ్చుకు పంపలేదు.

చట్టాన్ని తెలుగులో రాయడం మీద అప్పటి నుంచి నాకు ఉన్న పట్టింపు కూడా ఇందువల్లనే. మన రాష్ట్రంలో తెలుగు అధికార భాష అని 1966లోనే చట్టం చేసుకున్నాం. కానీ రాజ్యాంగంలోని 348వ అధికరణం ప్రకారం హైకోర్టు భాష ఇంగ్లీషు. చట్టాల ప్రామాణిక పాఠం కూడా, శాసనసభ వేరే భాషను నిర్దేశించుకున్నా, గెజిట్‌లో వచ్చే ఇంగ్లీషు అనువాదమే. కేంద్ర చట్టాల ప్రాంతీయ భాషా అనువాదాలను ప్రామాణికంగా ప్రకటించడానికి 1973లో ఒక చట్టం ఉంది. ఉన్న తెలుగు అనువాదాలలో చాలా వాటిని ఒక వాక్యం చివరికంటా ఊపిరి బిగబట్టి చదివినా కర్త ఎవరో తెలియదు. కర్త ఎవరో తెలియకపోతే రుజువు భారం ఎవరిదో అసలే తెలియదు. అది భాషకు సంబంధించిన చిన్న లోపమని కొట్టిపారేసే వారితో నేను ఏకీభవించలేను.

ఒక్క పదం ఎంత దూరం వెళుతుందో చెప్పడానికి అప్పటి మన విశాఖ జిల్లాలోనే పుట్టిన, సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసు చాలు. ఇదే అనంతగిరి మండలంలో, బొర్రా ప్రాంతంలో, ప్రైవేటు కంపెనీలకు ఇచ్చిన గనుల లీజుల మీద మొదలైన ఆ కేసులో 1997 జులై 11న సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు, రెగ్యులేషన్‌లో "వ్యక్తి" అన్న మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుందని చెప్పింది. ఆ ప్రకారం ప్రభుత్వం తన భూమిని సైతం అక్కడ గిరిజనేతరులకు లీజుకివ్వకూడదు.

మళ్లీ ఆ పెద్దాయన చుక్కల దగ్గరికి వస్తాను. పాత సెటిల్‌మెంటు సమయంలో అధికారులకు హక్కుదారు ఎవరో తేలనప్పుడు, లేదా ఆ రోజున ఆ మనిషి అక్కడ లేనప్పుడు, పేరు గడిలో చుక్కలు పెట్టి ముందుకు సాగిపోయారు. ప్రభుత్వ భూమి అయితే ప్రభుత్వ భూమి అనో, పోరంబోకు అనో రాసేవారు కాబట్టి, చుక్కలకు అర్థం ప్రభుత్వానిదని కాదు. ఫలానా రైతుదని కూడా కాదు. తేల్చవలసినవారు తేల్చలేదని మాత్రమే. ఆ తర్వాత తరాల తరబడి కుటుంబాలు శిస్తు కట్టి, సాగు చేసి, పంచుకుని, అమ్ముకుని, కొనుక్కున్నాయి. రిజిస్ట్రేషన్ చట్టంలో 22ఏ సెక్షన్ కింద, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల నిషేధిత జాబితాలు తయారు చేసే పద్ధతి 2007 సవరణతో మళ్లీ గట్టిపడినప్పుడు, ఆ చుక్కల సర్వే నంబర్లు కూడా ఆ జాబితాల్లోకి చేరిపోయాయి. ఆడపిల్ల పెళ్లికి అరెకరం అమ్ముకుందామని సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లిన రైతుకు, తన భూమి తనది కాకపోవచ్చునని మొదటిసారి అక్కడి కంప్యూటరు చెప్పింది.

2017లో చుక్కల భూముల చట్టం వచ్చింది. 12 సంవత్సరాలకు పైగా స్వాధీనంలో ఉన్నవారు దరఖాస్తు చేసుకుంటే జిల్లా స్థాయి కమిటీ పరిశీలించి రికార్డును సరిచేయాలని అది చెప్పింది. మంచి చట్టమే, రావలసిన చట్టమే. అయినా అందులో కూడా రైతే దరఖాస్తుదారు. రైతే కాగితాలు పోగు చేయాలి. పెద్దాయన తన అడంగల్ (ఏ భూమిని ఎవరు సాగు చేశారో ఏటా రాసే రికార్డు) నకళ్ల కోసం, శిస్తు రసీదుల కోసం గాజువాక నుంచి నెల్లూరు జిల్లాకు ఎన్నిసార్లు రైలెక్కారో నాకు చెప్పారు. ఒకసారి తాలూకా ఆఫీసులో ఫలానా సంవత్సరాల అడంగళ్లు చెదలు పట్టి పోయాయని చెప్పారట. చుక్కలు పెట్టింది ప్రభుత్వ ఉద్యోగి, చెదలు పట్టింది ప్రభుత్వ బీరువాలో, ఆ రెండింటి మూల్యం మాత్రం డెబ్భై దాటిన ఒక మనిషి టిక్కెట్టు డబ్బులు.

వ్యక్తికి మాత్రమే ప్రత్యేకంగా తెలిసిన విషయాన్ని ఆ వ్యక్తే రుజువు చేయాలన్న సూత్రం మన సాక్ష్య చట్టంలో మొదటి నుంచీ ఉంది. అది పాత 106వ సెక్షన్, ఇప్పటి 109. దాన్ని ఎక్కువగా నేర విచారణల్లో ముద్దాయిల మీద వాడడం చూస్తాం. రికార్డు తన చేతిలో ఉన్న ప్రభుత్వ శాఖకు కూడా అదే కొలత ఎందుకు వర్తించకూడదన్నది నా ప్రశ్న.

మన విశాఖ నగరంలో ఉన్నవారికి ఆ కొలత విలువ వివరించి చెప్పనక్కరలేదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్.వెంకటాపురం దగ్గర పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది చనిపోయిన తర్వాత, బాధిత కుటుంబాలు ఆ ట్యాంకులో ఉష్ణోగ్రత ఎంత ఉందో, శీతలీకరణ ఎప్పుడు ఆగిందో కోర్టులో నిరూపించవలసి వస్తే ఏమయ్యేది? భోపాల్ తర్వాత, ఢిల్లీలోని ఓలియం వాయువు కేసులో 1986 డిసెంబరులో సుప్రీంకోర్టు నిర్దేశించిన సంపూర్ణ బాధ్యత సూత్రం ఉండబట్టి ఆ అవసరం లేకపోయింది. ప్రమాదకరమైన పని చేసే సంస్థ, తన తప్పు ఉన్నా లేకపోయినా, ఏ మినహాయింపూ చెప్పుకోకుండా నష్టానికి బాధ్యత వహించాలి. జాతీయ హరిత ట్రిబ్యునల్ మరుసటి రోజే తనంతట తాను కేసు చేపట్టి 50 కోట్ల రూపాయలు జమ చేయమని ఆదేశించింది. ఆ మొదటి ఉత్తర్వులో మినహాయింపులకు తావిచ్చే పాత "కఠిన బాధ్యత" అన్న మాట పడినప్పుడు మా బోటి వాళ్లం ఎంత ఆందోళన పడ్డామో, ఎన్ని నోట్లు రాశామో చెప్పలేను. మాట మారితే మెట్టు మారుతుందని ఆ అమ్మాయి నాకు అప్పటికే నేర్పి ఉంది.

భూమి హక్కుల విషయంలో మనం ఆ పాఠాన్ని పట్టించుకోకుండానే చట్టాలు చేశాం. 2023 అక్టోబరు 31న అమలులోకి వచ్చిన ఆంధ్రప్రదేశ్ భూహక్కుల చట్టం, అంటే లాండ్ టైట్లింగ్ యాక్టు, రిజిస్టరులో పేరు నమోదై రెండేళ్లపాటు ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ఆ నమోదే హక్కుకు నిశ్చయాత్మక రుజువు అంది. సివిల్ కోర్టుల ప్రమేయాన్ని తొలగించి ట్రిబ్యునళ్లకు అప్పగించింది. విశాఖతో సహా రాష్ట్రమంతటా న్యాయవాదులు విధులు బహిష్కరించారు. 2024లో ప్రభుత్వం మారిన తర్వాత దాన్ని రద్దు చేశారు. ఆ చట్టం లక్ష్యం తప్పని నేను అనను. ఈనాటికీ మన దగ్గర రిజిస్టరయ్యేది దస్తావేజు మాత్రమే, హక్కు కాదు. దానివల్ల ఎన్ని కుటుంబాలు కోర్టుల చుట్టూ తిరుగుతున్నాయో రోజూ చూస్తున్నాను. నా అభ్యంతరమల్లా, మౌనాన్ని రుజువుగా మార్చి, అదీ మూడో మెట్టు రుజువుగా మార్చి, ఆ మౌనం ఎవరిదో అడగకపోవడం. వలస వెళ్లినవారు, కొడుకు దగ్గర వేరే జిల్లాలో ఉంటున్నవారు, అన్నదమ్ముల పేరున ఉన్న భూమిలో వాటా ఉన్న ఆడపిల్లలు, వీళ్లే ఎప్పుడూ సమయానికి అభ్యంతరం చెప్పలేనివాళ్లు. చట్టం పోయింది కానీ ఈ చర్చ జరగనే లేదు. ఇంకో పేరుతో అలాంటి బిల్లు వచ్చినప్పుడు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టవలసి వస్తుంది.

అందుకే ఈ ఏడాది మేము తయారు చేస్తున్న నోటులో ఒకే ఒక్క సూచనకు ఎక్కువ పేజీలు కేటాయించాం. ప్రభుత్వ రికార్డులోనే ఖాళీ ఉన్నప్పుడు, ఆ భూమిని సొంతంగా సాగు చేసుకుంటున్న కుటుంబానిదేనని, కాదని రుజువయ్యేవరకు, భావించవలెను. దీన్ని మొదట చూపించినది పదవీ విరమణ చేసిన ఒక డిప్యూటీ కలెక్టరు గారికి. ఆయన శ్రద్ధగా చదివి, "అమ్మాయ్, ఇది మధురవాడలో అమలు చేస్తే కొండలు కూడా మిగలవు" అన్నారు. ఆ మాటను నేను తేలికగా తీసుకోలేదు. విశాఖ చుట్టుపక్కల ప్రభుత్వ భూములు చేతులు మారిన తీరు మీద 2017లో ఒకసారి, 2019లో మరోసారి ప్రత్యేక దర్యాప్తు బృందాలను వేయవలసి వచ్చిన జిల్లా ఇది. ఆయనతో మూడు సాయంత్రాలు కూర్చుని సూచనను బిగించాం. సాగులో ఉన్న వ్యవసాయ భూమికే ఇది వర్తించాలి. చిన్న, సన్నకారు కమతాలకే పరిమితం కావాలి. పోరంబోకు అనో, చెరువు అనో, కొండ అనో స్పష్టంగా నమోదైన నంబర్లకు అసలు వర్తించకూడదు. ఇన్ని కంచెలు వేసిన తర్వాత ఆయన, "ఇప్పుడు ఫర్వాలేదు, కానీ ప్రభుత్వం తరఫున రుజువు తేవలసినవాడు ఎవడో రాయలేదు" అన్నారు.

ఆయన చెప్పింది నిజమే. కర్త లేని వాక్యాల మీద అంత కోపం ఉన్న నేనే, ముసాయిదాలో "ప్రభుత్వం రుజువు చేయవలెను" అని రాసి ఊరుకున్నాను. ప్రభుత్వం అంటే తహసీల్దారా, ఆర్డీవోనా, రికార్డును భద్రపరచవలసిన సర్వే శాఖా? ఎవరని రాయకపోతే, ఆ పెద్దాయన దరఖాస్తు మళ్లీ ఒక బల్ల మీది నుంచి ఇంకో బల్ల మీదకు తిరుగుతూనే ఉంటుంది. ప్రస్తుతానికి "ఆ గ్రామపు రికార్డును తన అధీనంలో ఉంచుకున్న తహసీల్దారు, నోటీసు అందిన 90 రోజుల లోపల" అని రాశాం. 90 సరిపోతాయా అన్నది ఇద్దరు తహసీల్దార్లను అడగవలసి ఉంది. ముసాయిదా తెలుగు ప్రతి ఒకటి గాజువాక పంపించాను. ఆయన చదివి, తన జిరాక్సు పేజీతో కలిపి, వచ్చే వారం తెస్తానన్నారు.